మందారం మీది మసి

గోదావరిఖనిలో ఏది నల్లబడినా నేరం బొగ్గుదే. గోడ నల్లబడితే బొగ్గు, ఆరేసిన పంచె నల్లబడితే బొగ్గు, ముక్కు చీదితే నల్లగా వచ్చినా బొగ్గే. ఈ ఊళ్లో ఎవరూ ఇంకో కారణం వెతకరు. ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ కొడితే వంటింట్లో గిన్నెలు గలగలమంటాయి, కాసేపటికి కిటికీ చెక్క మీద వేలితో పేరు రాసుకోవచ్చు. అలాంటి చోట మల్లక్క తన పెరట్లో మందార చెట్టు ఆకులు నల్లబడితే బొగ్గు దుమ్మే అనుకోవడంలో వింత లేదు. వింతంతా అలా అనుకున్న మనిషి మల్లక్క కావడంలోనే ఉంది.

క్వార్టర్ల లైనులో ఆమెను ‘సబ్బు మల్లక్క’ అంటారు, ఆమె చెవిన పడకుండా. మంథని దగ్గరి పల్లె నుంచి కొత్త కోడలిగా వచ్చిన రోజుల్లో, భర్త సదానందం బాయి దిగి ఇంటికి వస్తే గుమ్మంలో నిలబడ్డ మనిషిని గుర్తుపట్టక తలుపు వేసేసిందట. బొగ్గు గనిని ఇక్కడ బాయి అంటారు. బాయిలోంచి వచ్చిన సదానందంలో ఆమెకు కళ్లూ పళ్లూ తప్ప ఏమీ కనపడలేదు. ఆ రోజు మొదలు ఆమె బతుకంతా బొగ్గుతో కుస్తీయే. మసి పట్టిన అంగీకి ముందే సబ్బు పెడితే మసి నూలులోకి దిగిపోతుందని, మొదట వట్టి నీళ్లలో నాలుగుసార్లు జాడించాలని, బొగ్గు ఎప్పుడైనా నీళ్లకే లొంగుతుందని లైనులోకి వచ్చిన ప్రతి కొత్త కోడలికీ కూర్చోబెట్టి పాఠం చెప్పేది. సదానందం డ్యూటీ అంగీ చూసి బాయి మీద నవ్వుకునేవాళ్లు, ఈయన బొగ్గు తవ్వడానికి వచ్చాడా పెళ్లికి వచ్చాడా అని.

ఇంత శుభ్రమైన మనిషికి ఒక పెద్ద జబ్బుంది. తన ఇంట్లో మురికి ఉందని ఎవరైనా అంటే ఓర్చుకోలేదు. ఒకసారి లైను చివరింటి ఐలవ్వ భోజనానికి కూర్చుని, “మల్లక్కా, నీ పప్పుల ఏందో నల్లగ తేలుతున్నదే” అంది. తేలింది మాడిన పోపో ఇంకేదో గాని, మల్లక్క ఐలవ్వతో రెండు బతుకమ్మ పండుగల దాకా మాట్లాడలేదు. ఒకే చోట ఆడుతూ కూడా అటు తిరిగి చప్పట్లు కొట్టింది. అప్పటి నుంచి మల్లక్క ఇంట్లో ఏం కనబడినా లైను మొత్తం కళ్లు పక్కకు తిప్పుకోవడం నేర్చుకుంది.

ఆ మందారం ఆమె స్వయంగా నాటింది. ఎర్ర ముద్ద మందారం, పెరటి గోడను ఆనుకుని గుబురుగా పెరిగింది. లైనులో సగం ఇళ్ల దేవుళ్లకు పొద్దున్నే పూలు ఆ చెట్టువే. మల్లక్క కోసి పళ్లెంలో పెట్టుకుని ఇంటింటికీ ఇచ్చి వచ్చేది. నడుమెత్తు గోడ అవతల ఫక్రున్నీసా ఇల్లు. ఆమె భర్త జలాలుద్దీన్, సదానందం ఒకే బాయిలో పనిచేస్తారు, ఒకే బండి మీద పోయివస్తారు. ఉగాదికి పూర్ణం పెట్టిన పోలెలు గోడ మీదుగా అటు వెళ్తే, రంజాన్‌కు షీర్ ఖుర్మా గిన్నె ఇటు వచ్చేది. వారం వారం మల్లక్క గుప్పెడు మందారాకు కోసి అందిస్తే ఫక్రున్నీసా రుబ్బి తలకు పట్టించుకునేది.

చలికాలం పోతుండగా ఆ ఆకుల మీద నలుపు కనపడింది. మల్లక్క నల్లా వచ్చే వేళకు పైపు పట్టుకుని చెట్టంతా కడిగింది. నీళ్లు కారిపోయాయి, నలుపు అక్కడే ఉంది. మర్నాడు ఇంకా గట్టిగా కడిగింది. దుమ్మును తిట్టింది, గాలిని తిట్టింది, ఆ దుమ్ము తెచ్చిపోసే లారీలను తిట్టింది. ఇన్నేళ్లు బొగ్గును ఉతికిన మనిషి, నీళ్లకు లొంగని ఈ బొగ్గు ఏమిటని ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

ఆ తర్వాత జిగట మొదలైంది. చెట్టు కింద దండెం మీద ఆరేసిన అంగీ తీస్తే చుక్కలు చుక్కలుగా బంక, ఆ బంకకు చీమలు. ఒకరోజు పూలు కోస్తుంటే పై నుంచి ఒక చుక్క పెదవి మీద పడింది. నాలుకతో చూసింది. తియ్యగా ఉంది. మల్లక్క గోడ వైపు చూసింది. చీమల బారు గోడ మీద అటు నుంచి ఇటు వస్తోంది. అవి రంజాన్ రోజులు. ఆమెకు లెక్క కుదిరిపోయింది.

“ఫక్రూ! రోజా ఇడిచినంక మిగిలిన షర్బత్ మా గోడకు పోస్తున్నరా ఏంది? మా దండెమంత జిగటజిగట అయితున్నది!”

పొద్దంతా పచ్చి మంచినీళ్లయినా ముట్టని ఫక్రున్నీసా పొయ్యి దగ్గరి నుంచి లేచి వచ్చింది. “మేమెందుకు పోస్తం అక్కా?”

“పోయకుంటె చీమలు మీ దిక్కుకెల్లి ఎందుకొస్తయ్? నోట్లె వడ్డది, తియ్యగున్నది. నేను చూసే చెప్తున్న. కొంచెం ఇల్లు కడుక్కోరాదు!”

లైనంతా వింది. ఫక్రున్నీసా ఏదో చెప్పబోయి, మందారం వైపు ఒకసారి చూసి, నోరు మూసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ ఏడు ఉగాదికి పోలెలు అటు పోలేదు. పండుగ నాడు షీర్ ఖుర్మా ఇటు రాలేదు. మల్లక్క భర్తను కూడా ఆ బండి ఎక్కొద్దంది. సదానందం సరేనన్నాడు. అన్నాడే గాని, జలాలుద్దీన్ బండి మీదే వచ్చి, కాలనీ మూల మీద దిగి, బస్సు దిగి నడిచొస్తున్నవాడిలా ఇంటికి వచ్చేవాడు.

ఒక శుక్రవారం పొద్దున మల్లక్క అమ్మవారి పటానికి మందారం పెట్టి, కళ్లు మూసుకుని దండం పెట్టుకుంది. కళ్లు తెరిచేసరికి అమ్మవారి ముక్కు మీద తెల్లటిదేదో ఉంది. విభూతి పడిందేమోనని చెయ్యి చాపింది. విభూతి నడిచింది.

మల్లక్క పూవును పటం మీంచి లాగి తిప్పి చూసింది. పూరేకుల అడుగున తడిసిన బియ్యప్పిండి ముద్ద చేసి పెట్టినట్టు తెల్లగా ఉంది. ఆ పిండికి కాళ్లున్నాయి. ఆమె పెరట్లోకి పరుగెత్తింది. ఇన్ని నెలలు పై నుంచి కడిగిన ఆకును మొదటిసారి తిప్పి చూసింది. ఛీ! ఆకు అడుగంతా తెల్ల పురుగే. ఈనె పొడుగునా ఒకదాని మీద ఒకటి ఎక్కి, తోసుకుంటూ, దూది నోట్లో పెట్టుకుని నమిలి ఉమ్మినట్టు ముద్దలు ముద్దలుగా. కొమ్మ మొదట్లో వేలు పట్టనంత మందంగా పేరుకుని ఉన్నాయి. వేలు తగిలితే పచ్చటి రసం చిట్లి చేతికంటింది. చీమలు వాటి చుట్టూ తిరుగుతూ మీసాలతో తడుముతున్నాయి. అలా తడిమినప్పుడల్లా పురుగు వెనక నుంచి ఒక చుక్క, నిగనిగలాడే చుక్క, ఉబికి వస్తోంది.

మల్లక్క ఆ చుక్కను చూస్తూ ఉండిపోయింది. అది జారి కింది ఆకు మీద పడింది. ఆ కింది ఆకు మీదే నలుపుంది. బొటనవేలితో రుద్దితే ఆ నలుపు పొడిగా రాలేదు, పల్చటి పొరలా ఊడి వచ్చింది. బొగ్గు అలా ఊడదు. బొగ్గయితే నీళ్లు చల్లగానే జారిపోతుంది. ఆ సంగతి ఈ ఊరికంతటికీ చెప్పింది తనే. పురుగు విడిచిన జిగట మీద పట్టిన బూజు అది. షర్బత్ అని తను నాలుకతో చూసి, లైనంతా వినేటట్టు చెప్పింది కూడా ఆ పురుగు వెనక నుంచి వచ్చిందే.

ఆమె మోరీ వైపు పరుగెత్తింది. అక్కడే కూర్చుని పొద్దున తాగిన చాయ అంతా కక్కింది. నోరు కడిగింది, మళ్లీ కడిగింది, పళ్లపొడితో తోమింది, ఉప్పుతో రుద్దింది. ఆ తీపి మాత్రం నాలుక మీంచి పోలేదు.

సెకండ్ షిఫ్టు కావడంతో ఇంట్లోనే ఉన్న సదానందం ఈ చప్పుడుకు లేచి వచ్చాడు. చెట్టును చూసి మొహం చిట్లించాడు. “మందు దెచ్చి కొడ్దామానే?”

“కొట్టుడు లేదు, ఏం లేదు. ఇది నా పెరట్ల ఉండొద్దు. జల్ది గొడ్డలి తే.”

మల్లక్క భర్త పాత డ్యూటీ కోటు తొడుక్కుంది, బాయి బూట్లు వేసుకుంది, తల మీద హెల్మెట్ పెట్టుకుంది. సదానందానికి నవ్వొచ్చింది గాని, ఆమె మొహం చూసి మింగేశాడు. కొమ్మ నరికితే పురుగు మట్టిలో పడకుండా ముందు చెట్టు కింద పాత దుప్పటి పరిచారు. ఆయన సంచి మూతి తెరిచి పట్టుకుంటే ఆమె ఒక్కొక్క కొమ్మే నరికి అందులో కుక్కింది. ప్రతి దెబ్బకూ తెల్లటి తునకలు కోటు మీద పడ్డాయి, పాకాయి. మెడ మీద ఏదో కదిలినట్టనిపించి రెండుసార్లు గొడ్డలి వదిలేసి గంతులేసింది. మోడు పెకలిస్తే వేళ్లలో కూడా ఉన్నాయి. మట్టి పెళ్ల విరిగితే చీమలు ఆ పురుగులను నోట కరచుకుని, పసిపిల్లలను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని, నాలుగు వైపులా పరుగెత్తాయి. మల్లక్క కాగిన నీళ్లు బిందెలతో తెచ్చి గుంతలో పోసింది. లేచిన ఆవిరి వాసనకు ఇద్దరూ ముక్కులు మూసుకున్నారు. సంచుల మూతులు కట్టి, కాలనీ బయటి ఖాళీ జాగాలో కిరసనాయిలు పోసి కాల్చారు. పచ్చి పురుగు చిటచిటమని పేలిన చప్పుడుకు మల్లక్క మళ్లీ ఉమ్మింది. ఆ రోజు నీళ్లన్నీ అయిపోయేదాకా తలంటి పోసుకుంటూనే ఉంది.

గుంతను ఎండకు తెరిచి పెట్టారు. సదానందం మంచిర్యాల నర్సరీ నుంచి కరివేపాకు మొక్క తెచ్చాడు. మట్టి బాగా ఎండిందనిపించిన రోజు పొద్దున్నే మల్లక్క మొక్క పట్టుకుని గుంత దగ్గర కూర్చుంది. గోడ అవతల నీళ్ల చప్పుడు వినిపించి తలెత్తింది.

ఫక్రున్నీసా పైపు పట్టుకుని తన బొప్పాయి చెట్టును కడుగుతోంది. ఆకుల మీద అదే నలుపు. కాయల తొడిమల దగ్గర అదే తెలుపు. ఒక కాయకైతే పచ్చదనమే కనపడటం లేదు.

మల్లక్క మొక్కను తీసుకెళ్లి బట్టలుతికే బండ మీద పెట్టేసింది. ఇప్పుడు నాటితే నాలుగు రోజుల్లో ఆ పురుగు గోడ దిగి మళ్లీ ఇటే వస్తుంది. రాకుండా ఉండాలంటే ఆ బొప్పాయి పోవాలి. అది పోవాలంటే ఫక్రున్నీసాకు చెప్పాలి. చెప్పాలంటే షర్బత్ సంగతీ చెప్పాలి. నా ఇంట్లో పురుగు పుట్టింది, నీ ఇంటికి పాకింది, మధ్యలో నిన్ను నేను మురికిదానివన్నాను అని సబ్బు మల్లక్క నోటితో అనాలి. చెప్పకపోతే మూడో కంటికి తెలియదు. ఆ నలుపును ఎవరు చూసినా బొగ్గనే అంటారు.

ఆ వారమంతా మొక్క బండ మీదే ఉంది. గుంత తెరుచుకునే ఉంది. సదానందం అటూ ఇటూ పోతూ చూశాడు.

“మొక్క నాటుతవా, సంచిల్నే ఎండబెడ్తవా?” అన్నాడు ఒకనాడు డ్యూటీ నుంచి రాగానే. “జలాల్ గూడ అడుగుతున్నడు, వదినె గంత మంచి చెట్టు ఎందుకు కొట్టేసిందని.”

“జలాల్ నీకెక్కడ కలిసిండు?” అని ఆమె అడగలేదు. బండి సంగతి ఆమెకు మొదటి రోజే తెలుసు. “నువ్వేం జెప్పినవ్?” అంది.

“ఏం జెప్తా? బొగ్గు దుమ్ముకు సచ్చిందన్న.”

ఆ మాట వినగానే ఆ రోజు నాలుక మీద తగిలిన తీపి మళ్లీ తగిలినట్టయింది. అబద్ధం ఎంత నున్నగా ఉంది! ఊరు ఊరంతా నమ్మే అబద్ధం. మల్లక్కకు తన మీద తనకే రోత పుట్టింది. చెప్పులేసుకుని, గోడ దగ్గరికి కాకుండా రోడ్డు మీదుగా చుట్టి వెళ్లి, ఫక్రున్నీసా ఇంటి వీధి తలుపు కొట్టింది.

ఫక్రున్నీసా చాటలో బియ్యం ఏరుతోంది. కూర్చోమనలేదు.

“ఫక్రూ, గా షర్బత్...” అని ఆగిపోయింది మల్లక్క. “గది షర్బత్ గాదు.”

“మరేంది?”

“పురుగు. మా మందారానికి వట్టింది. జిగటంత పురుగుదే, చీమలు గూడ దానికోసమే. మా ఇంట్లకెల్లే మీ బొప్పాయికొచ్చింది. నువ్వు బొగ్గు దుమ్మనుకొని కడుగుతున్నవ్ గని, గది కడిగితె పోయేది గాదు.”

“నేను దుమ్మనుకోలే,” అంది ఫక్రున్నీసా. చాట పక్కన పెట్టింది. “పురుగును కొట్టనీకే పైపు వెడుతున్న. నాకు ఎర్కనే అక్కా. రంజాన్ కంటె ముందుగాల్నే జూసిన. నువ్విచ్చిన ఆకు రుబ్బుదామని తీస్తె ఎనుక దిక్కు తెల్లగ మెసులుతున్నయ్. కక్కొచ్చింది. తీస్కపోయి మోరీల పారేసిన.”

మల్లక్క గొంతు లేచింది. “మరి చెప్పొద్దా?”

“నీకా?” ఫక్రున్నీసా నవ్వింది, ఆ నవ్వులో సంతోషం లేదు. “ఐలవ్వ ముచ్చట నాకు తెల్వదా? రెండు మూడు సార్లు గోడ కాడికొచ్చి ఎనుకకు వోయిన. చెప్తె మాట్లాడుడు బంద్ జేస్తవని భయమైంది. గంతల్నే నువ్వే షర్బత్ అంటివి. రోజా ఉన్నదాన్ని వట్టుకొని, ఇల్లు కడుక్కో అంటివి, లైనంత వినేటట్టు. ఇగ చెప్తనా? కుళ్లిపోనీ దాని చెట్టు, నాకేంది అనుకున్న. అబద్ధమెందుకు, సంతోషపడ్డ గూడ. ఆఖరుకు అది గోడ దాటి నా చెట్టునే తిన్నది.”

మల్లక్క తలుపు చెక్క పట్టుకుంది. “ఇంకెవరన్న జూసిన్రా?”

“అందరు జూసిన్రు. పొద్దున నువ్వు పూలిస్తె తీస్కునుడు, నువ్వు మూల తిరిగినంక పారేసుడు. ఐలవ్వనైతె కట్టెతోని ఎత్తి పారేసేది.”

మల్లక్కకు పళ్లెం పట్టుకుని, తడి తల ముడేసుకుని, గడప గడపకూ తను పంచి వచ్చిన పూలు గుర్తొచ్చాయి. ప్రతి ఇంటా ఆడవాళ్లు నవ్వు మొహంతో చెయ్యి చాపారు. ఆ చేతులు తర్వాత ఎంతసేపు కడుక్కుని ఉంటారో! కోపం తెచ్చుకుందామని చూసింది. ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియలేదు. వాళ్ల నోళ్లు మూయించింది తనే.

ఫక్రున్నీసాయే లేచింది. “నిలవడి ఏం జేస్తవ్? గొడ్డలి మీ ఇంట్లనే ఉన్నది గద, తీస్కరా. నా ఒక్కదాంతోని గాదు.”

బొప్పాయిని ఇద్దరూ కలిసి కొట్టారు. ఈసారి కోటూ లేదు, హెల్మెటూ లేదు. మెత్తటి మాను రెండు దెబ్బలకే ఒరిగింది. తెల్లటి పాలు, తెల్లటి పురుగు కలిసి చేతుల మీదుగా కారాయి. కాయలను సంచిలో వేస్తుంటే ఒకటి పగిలి, లోపలి గింజల దాకా పాకిన పురుగు కనపడింది. ఇద్దరూ ఒకేసారి ఛీ అని వెనక్కి గెంతారు. ఫక్రున్నీసాకు కక్కొచ్చినంత పనైంది. మల్లక్క ఆమె వీపు రాసింది. వేళ్లు తవ్వారు, వేడినీళ్లు పోశారు, గోడ మీది చీమల బారును చీపురుతో కొట్టారు. సంచులు కట్టాక ఫక్రున్నీసా గోడ మీదుగా ఇటు దిగి, ఎండిన గుంతలో కరివేపాకు మొక్క నిలబెట్టి పట్టుకుంది. మల్లక్క మట్టి తోసింది. దాని ఆకులను ఒక్కొక్కటీ తిప్పి అడుగు చూసింది. పచ్చగా ఉన్నాయి, ఏమీ లేవు.

“నీ గుంతల ఏం వెడ్తవ్?” అంది మల్లక్క.

“చూద్దాం. గోరింటాకు పెడ్తనేమో.”

ఇద్దరూ మట్టిలోనే కూర్చుని చేతులు దులుపుకున్నారు. మల్లక్క మొక్క వైపు చూస్తూనే అంది, “ఫక్రూ, ఇగ మీద నా ఇంట్ల ఏం కనవడ్డ, నా మొకం మీదనే చెప్పాలె.”

“కోపానికి రావు గద?”

“వస్త. అయినా చెప్పు.”

ఫక్రున్నీసా ఆమెను ఒక్క క్షణం చూసింది. “అయితె కదలకు. నీ కొప్పుల ఒకటి నడుస్తున్నది.”

మల్లక్క ఒళ్లంతా ఒక్కసారి జలదరించింది. కేక నోటి దాకా వచ్చింది. లేచి నల్లా దగ్గరికి పరుగెత్తడానికి కాళ్లు కూడా ఆడాయి. అన్నీ బిగబట్టి, కళ్లు గట్టిగా మూసుకుని, ఫక్రున్నీసా ముందు తల వంచింది. ఆ వేళ్లు జుట్టు పాయ తీసి, దాన్ని పట్టి, బండకేసి నలిపాయి. మల్లక్క లేవబోయింది.

“ఆగు, ఇంకోటి గూడ ఉన్నది,” అంది ఫక్రున్నీసా.